బడి గేటుకు ఇవతల

మా బిడ్డ బడికి పోను ఎన్నడూ ఏడ్వలే. ఏడ్చింది నేను. ఈ సంగతి మా వాడల అందరికీ తెలుసు కాబట్టి ఇగ దాసుకునేది ఏం లేదు.

మాది తొర్రూరు దగ్గర పల్లె. పత్తి ఏరే కాలం రాంగనే బడికి ఎగనామం పెట్టి పెట్టి, పదో తరగతిల లెక్కలు తప్పిన. మళ్ళ రాద్దాం అనుకునేలోపే సంబంధం వచ్చింది, పెండ్లయింది, పట్నంల మట్టెవాడకు వచ్చిన. మా ఆయన బట్టల దుకాణంల పనిచేస్తడు. పొద్దుగాల పోతే దుకాణం కట్టేసినంకనే ఇంటికి. ఇంట్ల మిగిలేది నేను, మా అత్తమ్మ. పట్నంల నాకు ఎరికైన మనిషి ఒక్కరు లేకుండె. గసుంటప్పుడు బిడ్డ పుట్టింది. నాకు మాట్లాడుకోను ఒక తోడు దొరికింది. అది ఊ కొట్టకపోయినా, కూరగాయలోడు ఏమన్నడో, నల్లా ఎంతసేపు వచ్చిందో అన్నీ దానికి చెప్పుకుంట కూసునేదాన్ని.

కాని దాన్ని ఎత్తుకునే భాగ్యం నాకు ఎక్కువ దొరకలే. మా అత్తమ్మకు పిల్లల పెంపకం అంటే తన సొంత శాఖ. నూనె పెట్టి కాళ్ళు సాపుడు ఆమెనే, నీళ్ళు పోసుడు ఆమెనే, సాంబ్రాణి పొగ ఆమెనే, చీర ఉయ్యాల్ల వేసి ఊపుడు ఆమెనే. పాలియ్యను మాత్రం నన్ను పిలిచేది. పాలు తాగుడు అయిపోంగనే చేతులు సాపి "ఇగ ఇటియ్యి" అనేది. నా బిడ్డను నేను ముద్దాడాల్నంటే లైన్ల నిలబడాలె అన్నట్టుండె.

అది నడక నేర్చి, ఇంట్ల గిన్నెలన్నీ బయటికి గుంజుడు మొదలువెట్టినంక అత్తమ్మే అన్నది, "దీన్ని అంగన్‌వాడిల వెయ్యి. నా నడుము పోయింది."

మా గల్లీ చివరన్నే సెంటరు. ఒకటే గది, గోడకు అక్షరాలు, పండ్ల బొమ్మలు, మూలకు బరువు తూసే కాంటా. మొదటి రోజు నేను బిడ్డకు మంచి గౌను తొడిగి, కాటుక పెట్టి, అది ఏడుస్తదేమో అని కొంగుల బిస్కెట్లు కట్టుకొని పోయిన. గడపల నిలబడంగనే అది లోపల ఉన్న ప్లాస్టిక్ గుర్రాన్ని చూసింది. నా చెయ్యి ఇడిసిపెట్టింది. ఉరికిపోయి ఎక్కి కూసున్నది. వెనకకు మళ్ళి చూడనన్న చూడలే.

నేను బయట కిటికీ కాడ నిలబడ్డ. ఇప్పుడు చూస్తది, ఇంక జరసేపటికి చూస్తది అనుకుంట ఉన్న. అది చూడలే. నాకు ఏడుపొచ్చింది. మొదట సప్పుడు లేకుండనే ఏడ్చిన, కాని తర్వాత ఆపుకోలేకపోయిన. కిటికీల నా మొకం చూసి లోపల ఉన్న ఇద్దరు పిల్లలు రాగం అందుకున్నరు. టీచరమ్మ బయటికి వచ్చింది.

"ఏందమ్మా, పాప మంచిగనే ఆడుకుంటాంది కదా?"

"ఆడుకుంటాంది టీచర్. గందుకే."

"సరే, లోపలికొచ్చి కూసో. ఇక్కడ నిలబడి నా పిల్లలను భయపెట్టకు" అన్నది. లోపలికి పోంగనే వంట చేసే ఆయమ్మ నా ముందర ఉడకబెట్టిన గుడ్ల గంజు పెట్టింది. ఊకె కూసునుడు ఎందుకని పొట్టు తీసిన.

అట్ల మొదలైంది. తెల్లారి కూడా పోయిన, ఆ తెల్లారి కూడా పోయిన. పప్పు ఏరిన, గిన్నెలు సర్దిన, చిన్న పిల్లల ముక్కులు తుడిసిన. ఆయమ్మకు నా మీద ప్రేమ పెరిగింది. మా అత్తమ్మకు మాత్రం అనుమానం వచ్చింది. "దాన్ని బడికి పంపినవా, నువ్వే బడిల చేరినవా?" అని రోజు అడిగేది.

ఒకనాడు పై ఆఫీసు నుంచి మేడం చెకింగ్‌కు వచ్చింది. గుడ్లు వలుస్తున్న నన్ను చూపిచ్చి మా బిడ్డనే అడిగింది, "ఆమె ఎవరమ్మా?" నా బిడ్డ నన్ను ఎగాదిగా చూసి, "గుడ్ల ఆంటీ" అన్నది. ఆయమ్మ నవ్వి నవ్వి కింద కూసున్నది. నేను ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలే. మా ఆయనకు చెప్తే, "దానికి బయట ఎట్లుండాల్నో ఎరికైంది, నీకే కాలే" అన్నడు.

ఆ తర్వాత మా ఆయనకు ఇంగ్లీషు పట్టుకున్నది. దుకాణం సేటు మనుమడు ప్లే స్కూల్ల చేరి, కాకిని క్రో అంటాండట. మన బిడ్డ కాకిని కాకి అంటే ఎట్ల అని రాత్రి పగలు అదే ముచ్చట. మెల్లగ మాట్లాడి మాట్లాడి ఒకనాడు ముగ్గురం ఆ ప్లే స్కూలుకు పోయినం. గోడలకు రంగులు, అద్దాల తలుపు, లోపల చల్లగాలి. మేడం బిడ్డను ఏం అడగలే, మమ్మల్నే అడిగింది.

"మదర్ క్వాలిఫికేషన్?"

"టెన్త్" అన్నడు మా ఆయన, వెంటనే దగ్గుడు మొదలువెట్టిండు. తప్పిన సంగతి అడగకుండ మేడం లేచి నీళ్ళు తెచ్చి ఇచ్చే దాక దగ్గిండు. సీటు వచ్చింది.

కాని అక్కడ తల్లులను లోపలికి రానియ్యరు. అద్దాల తలుపు కాడ టాటా చెప్పుడే. బిడ్డ టాటా కూడా సగమే చెప్పేది. నేను ఎటు పోవాలె? బడి ఎదురుంగ లేడీస్ టైలర్ అక్క దుకాణం ఉండె. ఒకనాడు ఎండల నిలబడ్డ నన్ను చూసి ఆమెనే స్టూలు వేసింది. ఆ స్టూలు మీద కూసొని బడి గేటు చూసుకుంట, ఆమె జాకెట్లకు హుక్కులు కుట్టేదాన్ని. ఏడాది తిరిగేసరికి నాకు ఫాల్సు కుట్టుడు కూడా వచ్చింది. మా బిడ్డకు ఏబీసీడీలు వచ్చినయ్. ఇద్దరం కలిసే పాసయినం అనుకో.

ఆ ఏడాది వార్షికోత్సవంల మా బిడ్డకు టమాట వేషం ఇచ్చిండ్లు. నా కుట్టు విద్య చూపియ్యను ఇదే అదును అనుకున్న. ఎర్ర గుడ్డల దూది నింపి, నింపి, ఇంకింత నింపి, ఇంత పెద్ద టమాట కుట్టిన. వేసినంక చూస్తే దానికి చేతులు కిందికి దిగవు, కాళ్ళు కనపడవు. ఆటోల పట్టక మా ఆయన దాన్ని ఒడిల పెట్టుకొని సగం బయటికి పట్టుకున్నడు. తొవ్వ పొడుగుత మంది నవ్విండ్లు. స్టేజీ మీదికి ఇద్దరు టీచర్లు దొర్లిచ్చుకుంట పోయిండ్లు.

మూడు ముక్కలు చెప్పాలె. నేను టమాటను, నేను ఎర్రగుంట, ఆరోగ్యానికి మంచిదాన్ని. అన్నీ ఇంగ్లీషుల. నెల నుంచి ఇంట్ల మేము అదే చదువు. మైకు ముందుకు రాంగనే అది మందిని చూసుకుంట ఊపిరి పీల్చుకుంటాంది. మర్చిపోయిందేమో అని నాకు పానం ఆగలే. కుర్చీల నుంచి లేచి గట్టిగ, "ఐ యామ్ టొమాటో!" అన్న.

హాలు మొత్తం వెనకకు మళ్ళి నన్ను చూసింది. మైకుల నా బిడ్డ గొంతు, "అమ్మా, నువ్వు కూసో. టమాట నేను."

ఆ రోజు ఎక్కువ చప్పట్లు దానికే వచ్చినయ్. మేడం మాత్రం నన్ను పక్కకు పిలిచి, "పాప చాలా ఇండిపెండెంట్ అమ్మా. మీరు కూడా ట్రై చేయండి" అన్నది. ఇండిపెండెంట్ అంటే ఏందో టైలర్ అక్కను అడిగి తెలుసుకున్న.

ఇగ పెద్ద బడికి వచ్చినంక నా పని ఇంకా కష్టమైంది. పొద్దుగాల ఆటో వచ్చేది. అందుల పిల్లలు ఎంతమంది పట్టాల్నో దానికి రెట్టింపు, బ్యాగులు బయటికి యాలాడుకుంట. పొద్దంత బడి. సాయంత్రం ట్యూషన్. నాకు ఇంగ్లీషు హోంవర్కు రాదు కదా, గందుకని వెనక వీధిల డిగ్రీ చదివే అమ్మాయి కాడ పెట్టినం. బిడ్డ ఇంటికి వచ్చేది తినను, పండనే. నేను ట్యూషన్ మెట్ల మీద కూసొని చింతపండుల గింజలు తీసేదాన్ని. మా ఇంట్ల పని అయిపోతే ట్యూషనోళ్ళ ఇంటి చింతపండు కూడా నేనే తీసిన. ఆ అమ్మాయే ఒకనాడు అన్నది, "ఆంటీ, ఇది మంచిగ చదువుతాంది. గురుకులం పరీక్ష రాపియ్యుండ్లి. ఐదో తరగతి నుంచి హాస్టల్, అన్నీ వాళ్ళే చూసుకుంటరు."

హాస్టల్ అన్న మాట నేను వినలే. మా ఆయన విన్నడు. బిడ్డ కూడా విన్నది. పరీక్ష రాసింది, సీటు కొట్టింది. మరిపెడ దిక్కు. ఇల్లిల్లు తిరిగి మిఠాయి పంచినం. అందరూ నోరు తీపి చేసుకుంటాంటే నేను ఒక జిలేబి నోట్ల పెట్టుకొని ఏడ్చిన. మా అత్తమ్మ పక్కింటామెతోటి, "ఏం లేదు, దీనికి ఇది అలవాటే" అన్నది.

పోయే రోజు ఇనుప పెట్టె, బకెటు, దుప్పటి పట్టుకొని బస్సెక్కినం. వర్ధన్నపేట దాటింది, తొర్రూరు దాటింది. బిడ్డ కిటికీ కాడ కూసొని పాటలు పాడుకుంటాంది. అక్కడ ప్రిన్సిపాల్ మేడం పేర్లు రాసుకొని, "పేరెంట్స్ ఇగ బయలుదేరుండ్లి" అన్నది. నేను తయారై వచ్చిన కాబట్టి రెండు కర్చీపులు తెచ్చుకున్న. బిడ్డ నాకు టాటా చెప్పి, పక్క మంచం పిల్లతోటి అప్పటికే ఏదో ముచ్చట పెట్టింది.

బస్సుల మళ్ళ వస్తాంటే మా ఆయన దిక్కు తిరిగిన. చూస్తే మొకం కిటికీ దిక్కు పెట్టి కండ్లు తుడుసుకుంటాండు.

"ఏమైంది?"

"దుమ్ము పడ్డది."

"రెండు కండ్లల్లనా?"

నేను రెండో కర్చీపు ఇచ్చిన. తొర్రూరు దాక దాన్నే పట్టుకొని కూసున్నడు. ఆ తర్వాత ఆయన నా ఏడుపును ఎన్నడూ ఎక్కిరియ్యలే.

గురుకులంల నెలకు ఒక్క ఆదివారమే కలువనిస్తరు. ఆ ఒక్కటి నాకు ఏడ సరిపోతది? మిగిలిన వారాలు కూడా ఏదో ఒక సాకు పట్టుకొని పోయేదాన్ని. సబ్బు మర్చిపోయిన, దువ్వెన మర్చిపోయిన, రిబ్బను ఇయ్యలే. గేటు కాడ ఉండే అక్క నన్ను దూరం నుంచే చూసి, "వదినె, ఈ వారం ఏం మర్చిపోయినవ్?" అని అడిగేది. ఒక్కోసారి నిజంగనే ఏం తేలేదు అని యాదికొచ్చి బస్టాండుల సబ్బు కొనేదాన్ని. మా బిడ్డ పెట్టెల సబ్బులు పెరిగి పెరిగి, దోస్తులకు అది సబ్బుల దుకాణం అయింది.

కలిసే ఆదివారం మాత్రం కోడికూర, రొట్టెలు కట్టుకొని పోయేదాన్ని. చెట్ల కింద తల్లులు, తండ్రులు, డబ్బాలు. నేను డబ్బా మూత తీసేసరికి మా బిడ్డ చుట్టు అరడజను మంది పిల్లలు. ఎవరి తల్లులు రాలేదో ఆ పిల్లలందరినీ అది పిలుచుకొచ్చేది. దానికి మిగిలేది మెడ ముక్క. నేను బాధపడితే, "అమ్మా, నాకు వచ్చే నెల కూడా నువ్వు వస్తవ్ కదా. వాళ్ళకు ఎవరొస్తరు?" అన్నది. ఆ తర్వాతి నెల నుంచి రెండు కోళ్ళు వండిన.

ఎనిమిదిల ఉన్నప్పుడు అనుకుంట, సాకు మీద పోయిన ఒక వారం అది గేటు కాడికొచ్చి, సబ్బు తీసుకొని, నా మొకం దిక్కు చూసి మెల్లగ అడిగింది. "అమ్మా, నిజం చెప్పు. ఇంటికాడ నీకు ఏం తోస్తలేదా?"

"మస్తు పనుంటది" అన్న.

"పని కాదే. నీకంటూ ఏదన్న. నువ్వు గూడ మళ్ళ చదువుకోరాదు?"

నవ్వి కొట్టేసిన. కాని బస్సుల కూసున్నంక ఆ మాట పక్క సీట్ల కూసున్నట్టే మట్టెవాడ దాక వచ్చింది.

ఆ తర్వాతనే కరోనా. హాస్టళ్ళు మూసేసిండ్లు, పిల్లలను ఇండ్లకు పంపిండ్లు. లోకమంత భయపడుతాంటే నేను మాత్రం బిడ్డ ఇంటికి వచ్చిందని లోపల లోపల సంబురపడ్డ. బడి టీవీలకు వచ్చింది. పొద్దుగాల్నే టీవీ ముందర చాప వేసి అది నోట్‌బుక్కు పట్టుకొని కూసునేది, పక్కన నేను బీరకాయ చెక్కు తీసుకుంట, గోడకు ఒరిగి మా అత్తమ్మ. టీవీల లెక్కల సారు పాఠం చెప్పి, "అర్థమైందా?" అని అడిగేటోడు. మా అత్తమ్మ ప్రతిసారి, "అయింది బిడ్డా, నువ్వు చెప్పు" అనేది. అంత మర్యాదగ అడిగే పిలగాడిని ఆమె ఎక్కడా చూడలేదట. ఒకనాడు కరెంటు పోతే, "పాపం, సారు నిలబడే ఉన్నడో ఏమో" అన్నది.

వినంగ వినంగ నాకు అర్థమైతాందని నాకే ఆలస్యంగ తెలిసింది. ఎక్స్ అనేది ఏదో భూతం కాదు, మనకు తెలవని సంఖ్యకు ముద్దు పేరు. ఇటుదాన్ని అటు పంపితే గుర్తు మారుతది, అంతే. ఒకనాడు బిడ్డ లెక్క ఒకటి తప్పు వేస్తే, "మైనస్ మర్చిపోయినవ్" అన్న బీరకాయ మీదికెల్లి తల ఎత్తకుండనే. అది నోట్‌బుక్కు చూసుకున్నది, నన్ను చూసింది.

"అమ్మా, నువ్వు లెక్కలెట్ల తప్పినవే?"

"ఆ ఏడు పత్తి బాగ పండింది" అన్న.

హాస్టల్ మళ్ళ తెరిచినంక, పోయే ముందు అది నన్ను చెయ్యి పట్టుకొని ఒక సర్కారు బడికి తీసుకపోయింది. అక్కడ ఆదివారాలు ఓపెన్ స్కూల్ క్లాసులు. మళ్ళ మొత్తం కొత్తగ పదో తరగతి రాస్తా అన్న. సారు సబ్జెక్టులు అడిగితే, లెక్కలు, తెలుగు, ఇంగ్లీషు, సోషల్ చెప్పి, ఐదోది ఏం తీసుకోవాల్నో తెల్వక చూస్తాంటే ఆయనే, "హోం సైన్స్ తీసుకోమ్మా. వంట, ఇల్లు, పిల్లల పెంపకం. మీకు కండ్లు మూసుకొని పాసయ్యేది" అన్నడు.

క్లాసుల నా పక్కన ఒక హోటల్ వంటాయన, వెనక ఇద్దరు ఆటో డ్రైవర్లు. బెంచీలు ఆరో తరగతి పిల్లలవి. కూసుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. వంటాయన పాఠం మధ్యల నిద్రపోతే సారు లేపకపోయేటోడు. "రాత్రంత పెండ్లి వంట చేసొచ్చిండు, పండనీయుండ్లి" అనేటోడు. ఆదివారం క్లాసుకు పోవాల్నో, మరిపెడకు పోవాల్నో నాకు తెగకపోయేది. బిడ్డనే ఫోన్ల తెంపింది, "క్లాస్ ఎగ్గొట్టి వస్తే నేను గేటు కాడికి రాను."

పరీక్షలు రాసిన. లెక్కలు సులువుగనే అయిపోయినయ్. ఇంగ్లీషు దేవుని దయ. హోం సైన్స్ పేపరు చూసినంక నాకు నవ్వే వచ్చింది. పెద్ద ప్రశ్న, పిల్లల సంరక్షణ కేంద్రాల రకాలు వివరించుము. నన్ను గాక ఎవరిని అడగాలె? పేపరు మీద పేపరు అడిగి తీసుకొని రాసిన. అందరికంటె ఆఖరున లేచిన.

ఫలితాలు వచ్చిన రోజు బిడ్డ సెలవులకు ఇంట్లనే ఉన్నది. ఫోన్ల చూసింది. "లెక్కలు పాస్! మస్తు మార్కులు! తెలుగు పాస్, సోషల్ పాస్, ఇంగ్లీషు... అమ్మో, గట్టెక్కినవ్. హోం సైన్స్..." అని ఆగింది. మళ్ళ చూసింది. "అమ్మా, ఫెయిల్."

మా అత్తమ్మనే ముందుగాల మాట్లాడింది. "నేను అప్పుడే చెప్పిన. పప్పుల ఉప్పు ఎక్కువైతాందని."

"ఇన్నేండ్లు సంసారం చేసి హోం సైన్స్ తప్పిన మనిషిని నేను ఇనలే" అన్నడు మా ఆయన, నవ్వాల్నో వద్దో తెల్వక గోడ దిక్కు తిరిగి.

బిడ్డ నన్ను కూసోబెట్టి అడిగింది. "పెద్ద ప్రశ్నకు ఏం రాసినవ్?"

"ఉన్నదే రాసిన. అంగన్‌వాడిల గుడ్లు మంచిగ ఉడకబెడతరు, టీచరమ్మ మంచిది, కిటికీ జర పెద్దగుండాలె. ప్లే స్కూల్ల చల్లగుంటది కాని తల్లికి కూసోను జాగలేదు, ఎదురుంగ టైలర్ దుకాణం ఉంటే నయం. ట్యూషన్ మెట్లు ఎండకు కాలుతయ్. గురుకులంల నెలకొక్కసారే కలువనిస్తరు, అది తప్పు, మార్చాలె..."

"ఇదంత రాసినవా?"

"ఇంకా ఉన్నది. పేపరు చాలలే."

అది చాప మీద పడి నవ్వింది. కండ్లల్ల నీళ్ళొచ్చే దాక నవ్వింది. ఆ తర్వాత లేచి పుస్తకం తెచ్చి నా ఒడిల పెట్టింది. "అమ్మా, విను. నీకు తెలిసింది రాయకు. ఇందుల ఉన్నది రాయి. సెంటర్ అంటే ఏంది, ఏ వయసోళ్ళకు, లాభాలు, గంతే. టమాట నువ్వు కాదు, సరేనా?" నేను మూతి ముడుసుకున్న. కాని ఆ సెలవులంత అది చెప్పినట్టే బట్టీ పట్టిన. మళ్ళ రాసిన. పుస్తకంల ఉన్నదే రాసిన, చప్పగ, ఉప్పు కారం లేకుండ. పాసయిన.

బిడ్డ గురుకులంలనే ఇంటర్ అయిపోగొట్టి, ఇప్పుడు హైదరాబాదుల డిగ్రీ చదువుతాంది. ఆడపిల్లల హాస్టల్ల ఉంటది. ఆడోళ్ళకు బస్సు టికెటు లేకుండ అయినంక నాకు పండుగే అనుకున్న. చెప్పకుండ ఒకనాడు పోయిన. రూంల లేదు. లైబ్రరీల ఉన్నదట. గంటసేపు వరండాల కూసున్న. వచ్చి నన్ను చూసి కోప్పడలే, క్యాంటీనుకు తీసుకపోయి చాయ్ తాపిచ్చింది, దోస్తులకు "మా అమ్మ, ఇంటర్ చదువుతాంది" అని చెప్పింది. ఒక పిల్ల నన్ను ఏ గ్రూపు అని అడిగింది. నా బతుకుల నన్ను ఎవరన్న ఆ మాట అడుగుడు అదే మొదలు. బస్టాండుకు వచ్చినంక బిడ్డ అన్నది, "ఈసారి ఫోన్ చేసి రా అమ్మా. నేను ఖాళీగ ఉన్నప్పుడు రా, ఇద్దరం ఊరు తిరుగుదాం." ఇప్పుడు ఫోన్ చేసే పోతాన.

ఇంటర్ల ఆర్థిక శాస్త్రం తీసుకున్న. మొన్న ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నంక మా ఆయన పక్కన కూసొని నా పుస్తకం తిరగేస్తాండు.

"ఈ డిమాండ్ అంటే ఏంది?"

చెప్పిన. జనం ఎక్కువ అడిగితే ధర ఎట్ల పెరుగుతదో, అడగకపోతే ఎట్ల పడుతదో, పెండ్లిండ్ల సీజన్ల పట్టుచీరల లెక్క వేసి చెప్పిన.

"ఇది నాకు తెల్సిందే. దుకాణంల పొద్దంత చేసేది ఇదే కదా" అన్నడు. పుస్తకం నా చేతుల పెట్టి అడిగిండు, "మరి సీజన్ల నన్ను అందరూ అడుగుతరు. ఆ చీర తీయి, ఈ చీర తీయి అని. నా డిమాండ్ పెరిగినట్టే కదా. జీతమెందుకు పెరుగది?"

నేను పుస్తకం ముందుకు తిరగేసిన, వెనకకు తిరగేసిన.

"అది సెకండ్ ఇయర్ల ఉన్నదేమో" అన్న.

"అయితే తొందరగ పాసవ్వు" అని ఆయన తువ్వాల మొకం మీద కప్పుకొని పండుకున్నడు.